గేర్‌బాక్సు చెడినప్పుడు: తొందర వద్దు, దాపరికం వద్దు

మధ్యతరగతి కుటుంబం జీవితంలో చేసే పెద్ద కొనుగోళ్ళలో ఇంటి తరువాత కారుదే స్థానం. గల్ఫ్ దేశాలలో ఏళ్ళ తరబడి శ్రమించి పంపిన సొమ్ముతోనో, చిన్న దుకాణం మీద నెలనెలా మిగిల్చిన డబ్బుతోనో మన ఇళ్ళకు కారు వస్తుంది. వృద్ధులైన తల్లిదండ్రులను ఆసుపత్రికి తీసుకువెళ్ళడానికి, బంధువుల ఇళ్ళలో శుభకార్యాలకు వెళ్ళిరావడానికి అది ఆసరా అవుతుంది. అటువంటి కారు ఒకనాడు ఇంజను నడుస్తూ ఉండగానే ముందుకు కదలనని మొరాయిస్తుంది. సర్వీస్ సెంటర్ వారు పరిశీలించి, గేర్‌బాక్సు పోయింది, వారంటీ గడువు కూడా తీరిపోయింది, ఇంత అవుతుంది అని ఒక అంకె చెబుతారు. ఆ అంకె చాలా సందర్భాలలో లక్ష దాటుతుంది. కొన్ని కార్లకు ఆ కారు అమ్ముడుపోయే ధరలో సగానికి చేరుతుంది.

ఆటోమేటిక్ గేర్లున్న కార్లు మన పట్టణాలలో బాగా పెరిగాయి. వాటితోపాటు ఈ కష్టం కూడా మన ఇళ్ళకు వచ్చింది. దీనిని ఎదుర్కొన్న కుటుంబాలను మేము చూశాము, వారితో కలిసి కూర్చుని ఆలోచించాము. గేర్‌బాక్సు వలన కలిగిన నష్టం కంటే, ఆ వార్త విన్న రెండు రోజులలో తీసుకున్న నిర్ణయాల వలన కలిగిన నష్టమే ఎక్కువగా ఉన్న సందర్భాలు వాటిలో ఉన్నాయి. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ముఖ్యంగా రెండు మాటలు. చెడినది ఏ భాగమో కాగితం మీద తేలనంత వరకు డబ్బు కదపవద్దు. మీకు వచ్చిన నష్టాన్ని దాచిపెట్టి మరొక కుటుంబం నెత్తిన వేయవద్దు.

ఆటోమేటిక్ అన్నీ ఒకటి కావు

మనం వాడుకలో అన్నింటినీ ఆటోమేటిక్ అనే ఒకే పేరుతో పిలుస్తాము. లోపలి నిర్మాణాన్ని బట్టి చూస్తే అవి ప్రధానంగా నాలుగు రకాలు. మీ కారులో ఉన్నది ఏ రకమో తెలుసుకోవడం మొదటి పని. ఖర్చు దానిని బట్టే ఉంటుంది.

మొదటిది ఏఎంటీ. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో సామాన్యుల కార్లలోకి వచ్చినది ఇదే. ఇందులో ఉన్నది మామూలు గేర్‌బాక్సే. కాలితో క్లచ్ నొక్కడం, చేతితో గేరు మార్చడం అనే రెండు పనులను యాక్చుయేటర్ అనే యంత్రభాగం చేస్తుంది. కనుక మరమ్మతు ఖర్చు తక్కిన రకాలతో పోలిస్తే సాధారణంగా తక్కువ.

రెండవది టార్క్ కన్వర్టర్ ఉన్న పాత తరహా ఆటోమేటిక్. ఇందులో ఇంజను బలం నూనె ప్రవాహం ద్వారా గేర్లకు చేరుతుంది. దృఢమైనదే కాని, నూనె పాతబడినా తగ్గినా లోపలి భాగాలు క్రమంగా అరిగిపోతాయి.

మూడవది సీవీటీ. రెండు కప్పీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతూ ఉంటుంది, విడివిడి గేర్లు ఉండవు. బెల్టు జారి కప్పీల మీద గీతలు పడితే బాగుచేయడం కష్టం. అందుచేత దీనిలో మొత్తం మార్చమని చెప్పడం ఎక్కువ.

నాల్గవది డీసీటీ. కొన్ని సంస్థలు దీనినే డీఎస్‌జీ అంటాయి. ఇందులో రెండు క్లచ్‌లు ఉంటాయి. ఒకటి బేసి గేర్లను, మరొకటి సరి గేర్లను పట్టుకుంటుంది. వీటిని నడిపించే నియంత్రణ భాగాన్ని మెకట్రానిక్స్ అంటారు. క్లచ్‌లు నూనెలో మునగకుండా పొడిగా ఉండే రకంలో, మెహదీపట్నం నుండి టోలీచౌకి వరకు సాయంకాలం అంగుళం అంగుళంగా కదిలే రద్దీలో క్లచ్‌లు బాగా వేడెక్కుతాయి.

వేడికి, తేమకు ఈ యంత్రాలు ఎంత సున్నితమో తెలియడానికి ఒక ఉదాహరణ చాలు. 2013 నవంబరులో ఫోక్స్‌వ్యాగన్ సంస్థ ఏడు గేర్ల డీఎస్‌జీ ఉన్న సుమారు 16 లక్షల కార్లను ప్రపంచవ్యాప్తంగా వెనక్కి పిలిపించి, గేర్‌బాక్సులోని సింథటిక్ ఆయిల్ తీసివేసి మినరల్ ఆయిల్ పోయించింది. వేడి, తేమ ఎక్కువగా ఉండే ప్రాంతాలలో ఆ ఆయిల్ వలన విద్యుత్ లోపాలు తలెత్తడం అందుకు కారణం.

లోపం కనిపించిన వెంటనే

గేర్‌బాక్సు చాలావరకు చెప్పకుండా చెడిపోదు. డీ లో వేసిన తరువాత బండి కదలడానికి ఆలస్యం కావడం, ఒకటి నుండి రెండుకు మారేటప్పుడు కుదుపు, ఇంజను గట్టిగా అరుస్తున్నా వేగం పెరగకపోవడం, రివర్స్ ఒకోసారి పడకపోవడం, మాడిన నూనె వాసన, ఎదురుగా హెచ్చరిక దీపం వెలగడం దాని సంకేతాలు. వీటిలో ఏది కనిపించినా, ఇంటిదాకా నడుపుదాం అనుకోకుండా క్షేమమైన చోట ఆపివేయాలి. జారుతున్న క్లచ్‌తో నడిపిన కొద్ది దూరమే చిన్న మరమ్మతును పెద్ద మరమ్మతుగా మార్చవచ్చు.

ఆగిపోయిన ఆటోమేటిక్ కారును తాడు కట్టి ఈడ్చుకుపోకూడదు. అనేక ఆటోమేటిక్ గేర్‌బాక్సులలో ఇంజను నడిస్తేనే లోపలి నూనె పంపు పనిచేస్తుంది. ఇంజను ఆగి చక్రాలు తిరిగితే నూనె అందక లోపలి భాగాలు ఒరుసుకుంటాయి. చక్రాలన్నీ పైన ఉండేలా కారును వాహనం మీదకు ఎక్కించి తరలించడమే సరైన పద్ధతి. ఇన్సూరెన్సు పాలసీలో రోడ్డు మీద సహాయం అనే సదుపాయం తీసుకుని ఉంటే ఈ ఖర్చు దానిలోనే పోవచ్చు. ఒకసారి పాలసీ కాగితం తీసి చూడాలి.

‘మొత్తం మార్చాలి’ అన్నప్పుడు

నాడి చూడకుండానే మందు వ్రాసే హకీము వద్దకు మనం వెళ్ళము. కారు విషయంలో మాత్రం ‘గేర్‌బాక్సు మొత్తం మార్చాలి’ అన్న మాటకే తల ఊపివేస్తాము. అది రోగ నిర్ధారణ కాదు, చికిత్స పేరు మాత్రమే. రోగం ఏమిటో ముందు అడగాలి.

కారుకు స్కానర్ పెడితే కొన్ని కోడ్‌లు వస్తాయి. ఉదాహరణకు పీ0700 అనే కోడ్ గేర్‌బాక్సు నియంత్రణలో ఏదో లోపం ఉన్నదని మాత్రమే చెబుతుంది. ఆ లోపం ఏమిటో అది చెప్పదు. దానితోపాటు వచ్చే ఇతర కోడ్‌లను చదవాలి, నూనె చూడాలి, పీడనం కొలవాలి. బ్యాటరీ బలహీనపడినా, ఒక వైరు కనెక్షన్ వదులైనా, ఒక సెన్సర్ పోయినా, నూనె కారి తగ్గినా గేర్‌బాక్సు మొరాయించగలదు. వీటికి అయ్యే ఖర్చు వేలలో ఉంటుంది, లక్షలలో కాదు. చిన్న కారణాలన్నీ లేవని తేలిన తరువాతనే పెద్ద కారణం వైపు పోవడం న్యాయం.

కనుక సర్వీస్ సెంటర్ వారిని మర్యాదగా, కాగితం మీద ఈ సంగతులు అడగాలి. స్కానర్‌లో వచ్చిన కోడ్‌లు ఏవి? నూనె రంగు, వాసన ఎలా ఉన్నాయి, అందులో లోహపు రజను ఉన్నదా? చెడిన భాగం పేరేమిటి, దానిని ఒక్కదానినే మార్చడం సాధ్యమా? వేయబోయేది కొత్తదా, బాగుచేసినదా, వాడినదా? వేసిన తరువాత ప్రోగ్రామింగ్ ఎవరు చేస్తారు? ఎన్ని నెలలకు, ఎన్ని కిలోమీటర్లకు హామీ ఇస్తారు? తీసివేసిన పాత భాగాన్ని మాకు చూపుతారా? ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పగలిగిన వర్క్‌షాపును నమ్మవచ్చు. విసుక్కునే చోట రెండవ అభిప్రాయం తప్పనిసరి.

హైదరాబాదులోను, విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల కూడా గేర్‌బాక్సులను విప్పి బాగుచేసే నిపుణులు ఉన్నారు. అయితే అందరికీ అన్ని రకాలు రావు. మీ కారులో ఉన్న రకాన్నే ఇంతకు ముందు విప్పి బాగుచేసిన వారెవరో విచారించి వెళ్ళాలి. సీవీటీలో సీవీటీకి తగిన నూనె కాక వేరొకటి పోసినా, నూనె మట్టాన్ని నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద కొలవకపోయినా బాగున్నది కూడా చెడుతుంది.

మేము చూసిన ఒక సంగతి

మా మహల్లాలో చిన్న బట్టల వ్యాపారం చేసుకునే ఒక యువకుడు ఏడేళ్ళ వయసున్న డీసీటీ కారును 5,60,000 రూపాయలకు కొన్నాడు. తండ్రి సౌదీలో పనిచేసి దాచిన డబ్బు అది. మూడవ నెలలో రివర్స్ పడటం మానింది. సర్వీస్ సెంటర్ వారు గేర్‌బాక్సు మొత్తం మార్చాలని 2,70,000 రూపాయల ఎస్టిమేటు ఇచ్చారు. అంత డబ్బు ఇంట్లో లేదు. చెల్లెలి నికాహ్ నాలుగు నెలల దూరంలో ఉన్నది. గాజులు మళ్ళీ చేయించుకోవచ్చు బేటా అని తల్లి చేతి గాజులు తీసి ఇవ్వబోయింది. వాటిని తాకట్టు పెడితే వడ్డీ కట్టాలి. వడ్డీ భయం ఒకవైపు, కారు లేకపోతే సరుకు తేవడం ఎలా అన్న దిగులు మరొకవైపు.

మస్జిదులో అసర్ నమాజు తరువాత నలుగురం కూర్చున్నాము. వారం రోజులు ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వవద్దని, గాజులు తల్లి చేతికే ఉండనివ్వమని అతనికి చెప్పాము. చెడిన భాగం ఏదో వ్రాసి ఇవ్వమని సర్వీస్ సెంటర్‌ను అడిగించాము. వ్రాసి ఇవ్వలేదు కాని, స్కాన్ నివేదిక ఇచ్చారు. దానిని పట్టుకుని ఆ రకం గేర్‌బాక్సులను మాత్రమే బాగుచేసే మరొక వర్క్‌షాపుకు వెళితే, క్లచ్‌ల కొలతలు సరిగానే ఉన్నాయని, నియంత్రణ భాగంలో నూనె పీడనం నిలవడం లేదని తేలింది. ఆ ఒక్క భాగాన్ని బాగుచేసి, ప్రోగ్రామింగ్‌తో కలిపి 94,000 రూపాయలు తీసుకుని, ఆరు నెలల హామీ బిల్లు మీద వ్రాసి ఇచ్చారు. పదకొండు రోజులు పట్టింది. అందులో కొంత అతని దగ్గరే ఉన్నది. మిగిలినది బంధువులు ఖర్జె హసనాగా సర్దారు.

కారు పాత సర్వీసు చరిత్రను తెప్పించి చూడగా, అమ్మకానికి రెండు నెలల ముందే ‘రివర్స్ ఒకోసారి పడటం లేదు’ అన్న ఫిర్యాదు జాబ్‌కార్డులో నమోదై ఉన్నది. అమ్మిన పెద్దమనిషి పక్క పట్టణంలోనే ఉంటాడు. ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని వెళ్ళి ఆ కాగితం ఆయన ముందు ఉంచాము. కేకలు వేయలేదు, బెదిరించలేదు. ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, తనకు తెలుసునని ఒప్పుకున్నాడు. ఉభయుల అంగీకారంతో 40,000 రూపాయలు తిరిగి ఇచ్చాడు.

ఇంటి లెక్క

మరమ్మతు చేయించాలా, ఉన్నది ఉన్నట్టు అమ్మివేయాలా అన్నది ఆవేశంతో కాక లెక్కతో తేల్చాలి. బాగుచేసిన కారు ఎంతకు పోతుంది, చెడిన స్థితిలో ఎంతకు పోతుంది, ఈ రెండింటి మధ్య తేడా ఎంత అని ముందు విచారించాలి. బాగుచేస్తే 4,50,000, చెడిన స్థితిలో 2,20,000 పలికే కారు ఉన్నదనుకుందాం. తేడా 2,30,000. మరమ్మతు 1,60,000 లో అయ్యేటట్లయితే చేయించడమే లాభం. 2,80,000 అయితే నిజం చెప్పి చెడిన స్థితిలోనే అమ్మడం మేలు. మరో మూడు నాలుగేళ్ళు తామే వాడుకోదలచిన వారు ఆ వాడుక విలువను కూడా లెక్కలో కలుపుకోవచ్చు.

డబ్బు ఎక్కడి నుండి అన్న ప్రశ్న దగ్గర ఇంటిల్లిపాది కూర్చోవాలి. మష్వరా కేవలం మగవారి పని కాదు. ఇంటి ఖర్చు ఎక్కడ తగ్గించవచ్చో ఇంటి ఇల్లాలికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. రెండు మూడు నెలలు కారు లేకుండా, స్కూటరు మీదనో బస్సులోనో గడపడం అవమానం కాదు. ఆ వ్యవధిలో సొమ్ము కూడబెట్టుకోవచ్చు. కారు ఆగి ఉన్నంత మాత్రాన అప్పు పరుగెత్తనవసరం లేదు.

గడువు తీరినా అడగవచ్చు

వారంటీ ముగిసిందంటే తలుపులన్నీ మూసుకున్నాయని కాదు. కారును మొదటి నుండి కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే చూపించి ఉంటే, ఆ బిల్లులన్నీ జతపరచి తయారీ సంస్థ వినియోగదారుల విభాగానికి వినయంగా, వివరంగా వ్రాయాలి. గడువు తీరి కొద్దికాలమే అయినప్పుడు, నడిచిన దూరం తక్కువైనప్పుడు, సంస్థలు ఖర్చులో కొంత భరించిన సందర్భాలు ఉన్నాయి. అది హక్కు కాదు, సౌహార్దం. అయినా అడగనిదే రాదు.

ఒకే రకం లోపం చాలా కార్లలో కనిపించినప్పుడు సంస్థలు తమంతట తాము గడువు పొడిగించడం కూడా కద్దు. 2009లో నిస్సాన్ సంస్థ అమెరికాలో తన సీవీటీ గేర్‌బాక్సులకు 5 సంవత్సరాలు లేదా 60,000 మైళ్ళుగా ఉన్న హామీని 10 సంవత్సరాలు లేదా 1,20,000 మైళ్ళకు పెంచింది. ఫిర్యాదులను సరిగా పట్టించుకోకపోతే ఏమవుతుందో ఆస్ట్రేలియాలో కనిపించింది. పవర్‌షిఫ్ట్ గేర్‌బాక్సుల విషయంలో వినియోగదారుల పట్ల అన్యాయంగా వ్యవహరించినందుకు అక్కడి ఫెడరల్ కోర్టు 2018లో ఫోర్డ్ సంస్థకు ఒక కోటి ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించింది. అక్కడ ఒక్కొక్కరూ తమ గోడును కాగితం మీద పెట్టడం వలననే అది సాధ్యమైంది.

మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఉన్నది. లోపం ఉన్న వస్తువు అమ్మినా, డబ్బు తీసుకుని సరిగా మరమ్మతు చేయకపోయినా జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల వరకు ఉన్న వ్యవహారాలు జిల్లా స్థాయిలోనే విచారణకు వస్తాయి. 5 లక్షల వరకు ఉన్నవాటికి రుసుము లేదు. ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే దాఖలు చేయవచ్చు. కారణం ఏర్పడిన నాటి నుండి 2 సంవత్సరాలలోపు చేయాలి. తయారీ లోపమని వాదించేవారు నిపుణుని నివేదిక సమకూర్చుకోవాలి, నోటి మాట నిలవదు. ముందుగా సలహాకు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915 ఉన్నది.

ఇన్సూరెన్సు మీద ఆశలు పెట్టుకునేవారు ఒక విషయం గమనించాలి. మామూలు సమగ్ర పాలసీ ప్రమాదాలకే గాని, యంత్రం తనంతట తాను చెడిపోవడానికి, అరుగుదలకు వర్తించదు. ఇంజను, గేర్‌బాక్సు రక్షణ పేరుతో అదనంగా తీసుకునేది కూడా వరద నీరు చేరడం వంటి నష్టాలకే ప్రధానంగా పనికివస్తుంది.

అమ్మేవాని బాధ్యత, కొనేవాని జాగ్రత్త

ఇప్పుడు రెండవ మాటకు వద్దాము. భారీ ఎస్టిమేటు చూసిన మనిషికి మనసులో మెదిలే మొదటి ఆలోచన, కోడ్‌లు చెరిపించి, ఆయిల్ మార్పించి, పది రోజులు బాగా నడిచినప్పుడే ఎవరికో అంటగడదామన్నది. మా వద్దకు వచ్చి, ఉన్నది ఉన్నట్టు అని కాగితం వ్రాయించుకుంటే చాలదా అని అడిగినవారూ ఉన్నారు. కొనేవానికి కారు చూసుకునే అవకాశం ఇవ్వడం వేరు, తనకు తెలిసిన లోపాన్ని తెలిసి తెలిసీ దాచడం వేరు. రెండవది మోసం. అంగడిలో ధాన్యపు రాశిలో చేయి పెట్టి లోపలి తడిని పట్టుకున్న దైవప్రవక్త (సఅసం) అక్కడ చేసిన హెచ్చరిక మన ఇళ్ళలో పిల్లలకు సైతం తెలుసు. కోడ్‌లు చెరిపి అమ్మిన గేర్‌బాక్సుకు, పైన ఎండినవి పరచి లోపల తడిసినవి దాచిన ధాన్యానికి భేదం లేదు.

అమ్మకం నాటికే ఉన్న లోపం కొన్నవానికి తరువాత తెలిస్తే, వస్తువును తిరిగి ఇచ్చివేసే హక్కు ఫిఖ్‌హ్‌లో ఉన్నది. దానినే ఖియారుల్ ఐబ్ అంటారు. ఉభయులూ ఇష్టపడితే కొంత సొమ్ముతో రాజీకి రావచ్చు. వివరాలలో సందర్భాన్ని బట్టి తేడాలుంటాయి కనుక ఉలమాను సంప్రదించి నడుచుకోవాలి. లోపం చెప్పి అమ్మితే ధర తగ్గుతుంది, నిజమే. ఆ తగ్గిన ధరకు బాగుచేసుకోగల మెకానిక్కులు, వ్యాపారులు కొంటారు. వారికి తెలిసి కొన్న బేరం, మీకు మనశ్శాంతి ఉన్న సొమ్ము.

కొనేవారు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. చల్లబడి ఉన్న కారును తామే స్టార్ట్ చేసి, కనీసం అరగంట రద్దీలోను, ఎత్తు మీద కూడా నడిపి చూడాలి. రివర్స్, డీ రెండూ పలుమార్లు వేసి చూడాలి. సొంత స్కానర్ ఉన్న మెకానిక్కును వెంట తీసుకువెళ్ళాలి. కోడ్‌లు ఇటీవలే చెరిపివేసిన జాడ కనిపిస్తే ఎందుకో అడగాలి. సర్వీసు చరిత్ర లేకుండా ఆటోమేటిక్ కారు కొనకూడదు. 2020 అక్టోబరులో హైదరాబాదును, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతాన్ని వరద ముంచెత్తినప్పుడు ఎన్నో కార్లు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. సీట్ల కింద తుప్పు, తివాచీ కింద బురద వాసన, ఇన్సూరెన్సు క్లెయిము చరిత్ర తప్పక చూడాలి.

ఇప్పటికే ఆటోమేటిక్ కారు ఉన్నవారు జీవితాంతం నూనె మార్చనవసరం లేదన్న మాటను విని ఊరుకోక, కారుతో వచ్చిన పుస్తకంలో కఠినమైన వాడుకకు ఏమి చెప్పారో చదవాలి. మన ఎండలు, మన రద్దీ ఆ కోవలోనివే. సిగ్నల్ వద్ద ఎక్కువసేపు ఆగితే న్యూట్రల్‌లో ఉంచడం, ఎత్తు మీద యాక్సిలరేటరుతో కాక బ్రేకుతో బండిని నిలపడం, పూర్తిగా ఆగనిదే రివర్స్ వేయకపోవడం పైసా ఖర్చు లేని జాగ్రత్తలు. ప్రతి సర్వీసు బిల్లును ఒక కవరులో భద్రపరచండి. కష్టం వచ్చిన నాడు కంపెనీ ముందు అది మీకు సాక్ష్యం, కారు అమ్మే నాడు కొనేవానికి అది మీరిచ్చే అమానత్.